తుమ్మకంప అడ్డం వేసిన దారి

నాది పట్టుపరిశ్రమ శాఖలో ఉద్యోగం. సైకిలు హ్యాండిలు మీద మాత్రం నాకు ఎప్పుడూ పట్టు లేదు. పెనుకొండలో నా గురించి చెప్పుకున్న మాటల్లో ఇదే కాస్త మర్యాదైనది. మల్బరీ తోటలూ పురుగుల షెడ్లూ తిరిగి చూడడం నా పని కాబట్టి రైతులు నన్ను పురుగుల సారు అనేవాళ్ళు. బస్సు పోయే ఊళ్ళకు బస్సులో పోవాలి, పోని ఊళ్ళకు సైకిల్లో పోవాలి. పోని ఊళ్ళే ఎక్కువ.

సైకిలు హిందూపురంలో కొన్నాను. నల్లది, వెనక క్యారియరు, ముందు డైనమో లైటు. డైనమో ఆనించితే లైటు వెలిగేది, నా ఊపిరి ఆరిపోయేది.

తొంభైల మొదట్లో మా వీధిలోకి ఒక డ్రిల్లు మాస్టరు అద్దెకు వచ్చాడు. సొంతూరు ధర్మవరం. ఇంట్లో అందరూ మగ్గాల మీద కూర్చుంటే తను ఒక్కడూ కూర్చోలేక డ్రిల్లు మాస్టరు అయ్యానని చెప్పుకునేవాడు. ఒక ఆదివారం పొద్దున నా సైకిలు చూసి, ఈ కొండ ఎనకాల ఏముండాదో ఎప్పుడన్నా చూసినావా అబ్బా అని అడిగాడు. ఎనకాల ఏముంటాది, ఇంకో కొండ ఉంటాది అన్నాను. పోయి చూస్తే ఇంకో కొండే ఉంది. అయినా మళ్ళీ ఆదివారం పోయాం. ఆ తర్వాత పది పన్నెండేళ్ళు పోతూనే ఉన్నాం.

డబ్బాలో బొరుగుల ఉగ్గాణి, సీసాలో నీళ్ళు, జేబులో పంక్చరు సామాను. మేకలు నడిచిన బాటలే మా రోడ్లు. గుండురాళ్ళ మధ్య, సీతాఫలం పొదల మధ్య, చెనక్కాయ చేల గట్ల మీద. తొక్కగలిగిన చోట తొక్కేవాళ్ళం, లేనిచోట సైకిలును భుజానికెత్తుకునేవాళ్ళం. లెక్క తీస్తే సైకిలు మమ్మల్ని మోసిన దూరమూ, మేము సైకిలును మోసిన దూరమూ దాదాపు సమానం. మా జిల్లాలో చెరువులకు సముద్రాలని పేర్లు పెట్టుకున్నారు కాబట్టి, గట్టు మీదికి దిగినప్పుడల్లా వాడు, సముద్రతీరం చేరుకున్నాం అనేవాడు. ఆ తీరంలో ఎక్కువ ఏళ్ళు గొర్రెలే మేసేవి.

కంప సంగతి ఇక్కడే చెప్పాలి. కొండ మీద ఒక మేకలాయన ఉండేవాడు, మాకన్నా ఇరవై ఏళ్ళు పెద్ద. వానకు బాట తెగినా, గుండు జారినా, తేనెటీగలు లేచినా ఆ దారికి తుమ్మకంప అడ్డం వేసేవాడు. మేకలు దాటవు, మనుషులూ దాటరు. ఎందుకని అడగరు. కంప ఉందంటే ఎవరో ముందే పోయి చూసి వచ్చారని, వెనక వచ్చేవాడి కాళ్ళ గురించి ఆలోచించారని అర్థం. మేమూ అదే పద్ధతి పట్టుకున్నాం. ఇద్దరిలో ఎవరు ముందు చూస్తే వాళ్ళు వేయాలి, రెండోవాడు దాటకూడదు. ఒకసారి నేను సోమవారం డ్యూటీకి పోతూ వాన నీటి వంక దగ్గర కంప చూసి ఆగాను. దిగి చూస్తే అవతల బాటే లేదు, వంకలో పడిపోయింది. ఆదివారం నాకు జ్వరమైతే వాడు ఒక్కడే పోయి, రేపు ఈయప్ప ఈడనే పోతాడు కదా అని వేసి వచ్చాడట. ఆ రోజు నుంచి వాడి కంప నాకు సర్కారు ముద్ర.

నాలుగేళ్ళ ఆదివారాలు పెట్టి మేము కనిపెట్టినది పెద్ద చుట్టు. కొండ వెనక నుంచి ఎక్కి, కూలిన కోటగోడ పక్కగా పోయి, హ్యాండిలు మాత్రమే పట్టే రెండు గుండ్ల సందులో దూరి, ఒక పెద్ద బండ మీద అంచు వెంబడి తొక్కుకుంటూ చెరువు గట్టుకు దిగాలి. తారురోడ్డు ఎక్కడా తగలదు. బండ మీద నిలబడితే ధర్మవరం నుంచి హిందూపురం పోయే రైలు కనబడేది, ఆకు అంచును కొరుకుతూ పోయే పట్టుపురుగంత. దానికి ఆఫీసు నోటుబుక్కు వెనక పేజీలో నేను పటం గీశాను. నాకు సొంతమని చెప్పుకోదగినవి రెండే అనిపించేది: ఆ దారి, ఆ దారిలో వాడి మాట.

రెండు వేల సంవత్సరం దాటాక వాడికి హిందూపురం బదిలీ అయింది. ఆదివారాలు తగ్గాయి. మోకాళ్ళు నొస్తాండాయని, ఇంక కొండలు నావల్ల కాదని చెప్పాడు. నేను ఒక్కడినే పోతూ ఉన్నాను. ఒక ఆదివారం రెండు గుండ్ల సందులో కంప అడ్డం ఉంది. పచ్చిది, పెద్దది. ఫోను చేసి అడిగితే, అవునబ్బా, బండ అంచు తెగిపోయింది, నేనే వచ్చి ఏసినా, ఆ పక్కకు పోవద్దు అన్నాడు. నాకు కళ్ళు చెమర్చాయి. మోకాళ్ళ నొప్పితో హిందూపురం నుంచి వచ్చి నా కోసం కంప వేసిపోయాడే అని.

ఏడాది పైగా అక్కడి నుంచి వెనక్కి తిరిగాను. ఒకసారి కంప ఎండి, గాలికి పక్కకు జరిగి ఉంటే, ఎవరన్నా తెలీక పోతారేమోనని నేనే పచ్చి కొమ్మ నరికి గట్టిగా వేశాను. చేతికి రెండు ముళ్ళు దిగాయి. మోసపోయినవాళ్ళు ఊళ్ళో చాలామంది ఉంటారు. మోసానికి రిపేరు కూడా చేసి పెట్టినవాణ్ణి నేనొక్కణ్ణే అయివుంటాను.

ప్రతి రెండో శనివారం నేను నాయనను చూడడానికి ముదిగుబ్బకు పోతాను. అది వాడికి తెలుసు. ఒక రెండో శనివారం నాయనే బస్సెక్కి పెనుకొండకు వచ్చేశాడు. మధ్యాహ్నం ఆయన పడుకున్నాక సైకిలు తీసుకుని ఊరికే చెరువు గట్టుకు పోయి కూర్చున్నాను. పై నుంచి చప్పుడైంది. తెగిపోయిన నా దారిలో నుంచి ఆరు గేరు సైకిళ్ళు దిగి వస్తున్నాయి. బెంగళూరు మనుషులు, తలకు టోపీలు, చేతులకు గ్లవుజులు. ముందు మా డ్రిల్లు మాస్టరు. వాడికీ గేరు సైకిలే. మోకాళ్ళు బ్రహ్మాండంగా ఆడుతున్నాయి.

నన్ను చూసి బ్రేకు వేశాడు. వాళ్ళకు నన్ను చూపిస్తూ, ఈయన ఈడ పట్టుపురుగుల ఆఫీసులో పని చేస్తాడు అన్నాడు. అంతే. వాళ్ళలో ఒకతను కన్నడం కలిసిన తెలుగులో, ఇంత మంచి దారి ఎవరు కనిపెట్టినారు అని నన్నే అడిగాడు. నేను నోరు తెరిచేలోగా వాడు, నేనే, పదేండ్లు తిరిగినా అన్నాడు. వాళ్ళలో ఒకరి టైరుకు పల్లేరు ముల్లు దిగి ఉంది. నేనే కూర్చుని పంక్చరు వేసి ఇచ్చాను. వాళ్ళు థాంక్స్ చెప్పారు. వాడు నా వైపు చూడలేదు.

మరునాడు హిందూపురం పోయాను. వాళ్ళావిడ టీ ఇచ్చి లోపలికి వెళ్ళింది. చాలాసేపు నాయన ఆరోగ్యం గురించి, వానల గురించి మాట్లాడుకున్నాం. చివరికి నేనే అడిగాను.

"రావద్దంటే మానుకుందును కదా. కంప ఎందుకేసినావు?"

వాడు టీ గ్లాసులోకి చూస్తూ అన్నాడు. "ఆ డైనమో సైకిలు, ఆ పాంటు మడుపులు చూస్తే వాళ్ళు నవ్వుతారబ్బా. నాకు నామర్దా. రావద్దని నీ మొగాన ఎట్ల చెప్పేది?"

నా సైకిలుకు గేరు లేదు, నాకు గీర లేదు అని అంతవరకు సరదాగా చెప్పుకునేవాణ్ణి. రెండోది అబద్ధమని ఆ రోజు తెలిసింది. దారి కావాలని అడిగితే ఇచ్చేసేవాణ్ణేమో. మొహం మీద చెప్పలేని మాటను వాడు కంపతో చెప్పాడు. ఆ కంపను చూసి నేను ఏడాది పొడుగునా వాణ్ణి దీవించాను. టీ తాగకుండా లేచి వచ్చాను.

ఆ ఏడు వానలు బాగానే పడ్డాయి. తగ్గిన తర్వాతి ఆదివారం పట్టుదలగా పోయి, కంప తీసి పక్కన పెట్టి, సందులో దూరి బండ ఎక్కాను. సగం దూరంలో అంచు నిజంగానే తెగి ఉంది, నా సైకిలంత పొడుగున. వాడి అబద్ధాన్ని వాన నిజం చేసి పెట్టింది. వెనక్కి వచ్చి అదే కంపను ఈడ్చుకుపోయి తెగిన చోటుకు పది అడుగుల ముందు అడ్డం వేసి, కదలకుండా రాళ్ళు పెట్టాను. కోపం ఉంది, లేదనను. కానీ వచ్చే రెండో శనివారం ఆరుగురు ఈడనే వస్తారు.

కిందికి వచ్చి ఫోను కూడా చేశాను. బండ అంచు తెగింది, కంప ఏసినా, పోవద్దు అన్నాను. వాడు సరేలే అన్నాడు. ఒకప్పుడు నేను విన్న మాటలనే వాడికి చెబుతున్నానని ఫోను పెట్టేశాక తట్టింది.

రెండో శనివారం సాయంత్రం ముదిగుబ్బ నుంచి దిగేసరికి మేకలాయన బస్టాండులోనే ఎదురై చెప్పాడు. నీ జతగాడు కంపను కాలితో తన్ని ముందర పోయినాడు సారూ, కుడిచెయ్యి రెట్ట ఎముక ఇరిగింది, ఎనకోళ్ళు బతికినారు.

హిందూపురంలో వాడింటికి పోయాను. చెయ్యి మెడకు కట్టి ఉంది. గేరు సైకిలు వరండాలో గోడకు ఆనించి ఉంది, ముందు చక్రం వడియంలా వంకర. నేను బత్తాయిలు తీసుకుపోయాను. ఒకటి ఒలిచి, తొనలు వాడి ఎడమ చేతిలో పెట్టాను.

"చెప్పినా కదబ్బా. కంప కూడా ఏసింటి."

వాడు తొన నోట్లో పెట్టుకోలేదు. "నువ్వు కక్షతో ఏసినావనుకుంటి."

వాడు నాకు కంప వేసినప్పుడు నేను తిరిగి వచ్చాను. నేను వేసినప్పుడు వాడు దాటాడు. నేను అలాంటి పని చేసి ఉండనేమో అని వాడికి ఒక్క నిమిషం కూడా అనిపించలేదు. చుట్టు మీది ఆదివారాలన్నిట్లో వాడు నా గురించి తెలుసుకున్నది అంతే అన్నమాట. మిగతా బత్తాయిలు కూడా ఒలిచి ప్లేటులో పెట్టి, చేతులు కడుక్కుని, బస్సు టైమైందని చెప్పి వచ్చేశాను. ఆ తర్వాత పోలేదు. వాడూ పిలవలేదు.

రిటైరయ్యేదాకా బండ ఎక్కకుండా కిందనే చిన్న చుట్టు తొక్కాను, అదే డైనమో సైకిలు మీద. దారిలో కంప కనబడితే మునుపటిలా వెనక్కి తిరగను. దిగి, స్టాండు వేసి, పక్కగా నడిచి పోయి అవతల ఏముందో చూసి వస్తాను. ఒకరోజు మేకలాయన గుండు మీద కూర్చుని ఇదంతా చూశాడు.

"ఏం సారూ, కంప మింద గూడా నమ్మకం పోయిందా?"

"కంప మింద ఉండాదిలేప్పా" అన్నాను.

అవతల నిజంగానే బాట తెగి ఉంది. ఆయనే వేశాడట, పొద్దున్నే.