సాసేజ్ పొయ్యి పక్కన నిరాహార దీక్ష

మీ జట్టుకు అన్యాయం జరిగితే గొంతు చించుకునే మీరు, మీ జట్టుకు లాభం చేసే అన్యాయం ఎదురైనప్పుడు ఎప్పుడైనా నోరు విప్పారా? తొందరపడి జవాబు చెప్పకండి. ఆ రోజుల్లో నేనూ తొందరపడే వాణ్ణే. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో న్యూజిలాండ్‌లోని హామిల్టన్‌లో చదువుకోవడానికి దిగాను. వరంగల్ చర్చావేదికల మీద దయ్యాలను, జాతకాలను, బాబాలను ఒంటిచేత్తో ఓడించి వచ్చానన్న ధీమాను పచ్చడి సీసాల పక్కనే సూట్‌కేసులో సర్దుకొచ్చాను. (ఎయిర్‌పోర్టులో పచ్చడి ఆపేశారు. ధీమాను మాత్రం ఎవరూ తనిఖీ చేయలేదు.)

మా ఫ్లాట్ వెనకే ఒక చిన్న ఫుట్‌బాల్ క్లబ్ మైదానం ఉండేది. ఒక శనివారం ఏమీ తోచక కంచె దగ్గర నిలబడితే, క్లబ్ కోసం సాసేజ్‌లు కాల్చి అమ్ముతున్న ఒక పెద్దావిడ నా పేరడిగి, వేయించిన ఉల్లిపాయలు దండిగా వేసిన బ్రెడ్డు చేతిలో పెట్టింది. ఆ దేశంలో నన్ను పేరడిగిన మొదటి మనిషి ఆవిడే (ఆఫీసు కౌంటర్ల దగ్గర అడిగినవి లెక్కలోకి రావు). ఆవిడకు మేం పెట్టుకున్న పేరు సాసేజ్ ఆంటీ. మేం అంటే నేనూ, నా ఫ్లాట్‌మేట్ ఖమ్మం వాడూ. ప్రతిదానికీ ఆర్డర్లు వేస్తాడు కాబట్టి వాడు మేజర్. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో తెలియకుండానే ఇద్దరం ఆ జట్టుకు వీరాభిమానులమైపోయాం.

సీజన్ చివర్లో లీగ్ వాళ్ళు ఒక నిబంధన బయటికి తీశారు. ఏ క్లబ్బూ తన ఆదాయానికి మించి ఖర్చు పెట్టకూడదు. వినడానికి బుద్ధిగానే ఉంది. కానీ ఆదాయమంటే టికెట్ల మీద, స్పాన్సర్ల నుంచి వచ్చిందేనట! మా మైదానానికి గేటే లేదు, ఇక టికెట్లెక్కడివి? స్పాన్సర్ అసలే లేడు. ఆంటీ పొయ్యే మా ఖజానా. కారుతున్న పైకప్పును ఆ డబ్బుతోనే బాగు చేయించారు. అది విరాళమే కానీ ఆదాయం కాదని తేల్చి లీగ్ మా పాయింట్లు కోసేసింది. అదే లీగ్‌లో నీలం జట్టు యజమాని, కార్ల షోరూం ఆయన, తన క్లబ్‌కు తానే స్పాన్సర్‌నని రాసుకుని ఎంత కుమ్మరించినా అది నికార్సయిన ఆదాయం. ఈ కోతతో అట్టడుగున ఉన్న నీలం జట్టు బతికిపోయి, మేం కింది డివిజన్‌కు జారిపోయే గతి పట్టింది.

కింది డివిజన్ మ్యాచ్‌లన్నీ ఊరి అవతలి పెద్ద పార్కులో జరుగుతాయి. ఆంటీ చూపు తగ్గి కారు నడపడం మానేసింది. కారు లేనివాళ్ళు ఎక్కడికీ పోలేని ఊరది. "ఇక నా శనివారాలు అయిపోయినట్టే," అంది పటకారు తుడుచుకుంటూ, వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా. ఆ మామూలుతనమే నన్ను రెచ్చగొట్టింది.

"రిలే నిరాహార దీక్షకు కూర్చుందాం," అన్నాను మేజర్‌తో.

"కూసుందాం బై. గని రాహుకాలం దాటినంక కూసుందాం."

"నీ రాహువుకి న్యూజిలాండ్ టైము తెలుసా?"

"తెల్వకుంటే నువ్వే చెప్పు. నీకన్నీ ఎర్కే గద!"

శనివారం పొద్దున్నే లీగ్ ఆఫీసు ముందు, రోడ్డు పక్కన టార్పాలిన్ కట్టి, అట్టముక్క మీద డిమాండ్ రాసి కూర్చున్నాం. అందరూ కార్లలో తిరిగే ఊళ్ళో నేల మీద కూర్చున్నవాణ్ణి చూసి ఎవరైనా ఏమనుకుంటారు? "బండి ఆగిపోయిందా మేట్? తాడు కట్టి లాగనా?" అని ఒకాయన దిగాడు. నిరసనగా తిండి మానేశామని వివరిస్తే, పాపం మొహం దిగులుగా పెట్టి బిస్కెట్ ప్యాకెట్ వదిలి వెళ్ళాడు. సంగతి తెలిసిన ఆంటీ ఎవరిదో ట్రక్కులో పొయ్యితో సహా వచ్చేసింది. "మీరు ఒంటరిగా కూర్చోవడం ఏమిటి నాయనా, నేనూ ఉంటాను," అని మా పక్కనే ఉల్లిపాయలు వేయించడం మొదలుపెట్టింది. మా దీక్షకు ఆవిడ మద్దతు అది.

"అరేయ్, గాలి ఇటే కొడ్తున్నదిరా," అన్నాడు మేజర్ నీరసంగా. "రిలే అంటే మార్చి మార్చి కూసునుడే గద? నా వంతు అయిపోయింది."

"కూర్చుని గంట కూడా కాలేదురా!"

అప్పుడు కనిపించారు, సన్నటి వానలో, నీలం మఫ్లర్లు చుట్టుకున్న గుంపు. కొట్లాటకే అనుకున్నాను. ముందున్న మనిషి తలుపంత వెడల్పున్నాడు, మోచేతుల దాకా పచ్చబొట్లు.

"రూలు మీద గొడవ ఇక్కడేనా?"

"ఇక్కడే," అన్నాను.

"అయితే కాస్త జరగండి, తడుస్తున్నాం." వచ్చి పక్కన కూలబడ్డాడు.

"మా పాయింట్లు పోతేనే కదా మీరు బతికేది!"

"అదే నచ్చలేదు. మైదానంలో మిమ్మల్ని ఓడించలేకపోయాం. కాగితం మీద ఓడించి, సోమవారం పనిలో మొహం ఎలా చూపించాలి?"

"మీ యజమాని ఊరుకుంటాడా?"

"క్లబ్ ఆయనది. చప్పట్లు మావి."

నేను చర్చల్లో నలిగినవాణ్ణి. ప్రతి మాట వెనకా స్వార్థాన్ని వెతకడం నా విద్య. ఆ మాట వెనకా వెతికాను, తిరగేసి మరీ వెతికాను. ఏమీ దొరకలేదు. నా జీవితంలో ఎన్ని వాదాలు విన్నానో, కానీ తన వాదం గెలిస్తే తానే మునిగిపోతానని తెలిసి వాదించినవాణ్ణి అంతవరకు చూడలేదు. దాన్ని అద్భుతం అనను, అద్భుతాలు లేవు. మామూలు మనుషులు, తడి బూట్లతో, ఆలోచించి చేసిన పని గనుకే నా ఒళ్ళు గగుర్పొడిచింది. కంఠస్థం చేసుకొచ్చిన ఉపన్యాసం పక్కన పెట్టి, వాళ్ళకు చోటిస్తూ ఇంకాస్త జరిగాను.

లీగ్ సెక్రటరీ, బట్టతల పెద్దమనిషి, మమ్మల్ని పంపించేద్దామనే బయటికొచ్చాడు. మా మధ్య నీలం మఫ్లర్లు చూసి ఆగిపోయాడు. "మీరు కూడానా?" అని మాత్రం అడిగి లోపలికి వెళ్ళి, కమిటీని కూర్చోబెట్టాడు. మధ్యాహ్నానికి కోత రద్దయింది. నిబంధనను సభ్యుల ఓటుకు పెడతామన్నారు. ఆంటీ పటకారు ఎత్తి ఊపింది. మేజర్ మాత్రం మొండికేశాడు. "నిమ్మరసం లేంది దీక్ష ఇడుసుడెట్ల?" సంగతి అర్థం చేసుకున్న పచ్చబొట్ల మనిషి మూల మీది డెయిరీకి (అక్కడ చిల్లర కొట్టును అలా అంటారు) పరుగెత్తి నిమ్మ సోడా తెచ్చి, మేజర్ ఆర్డర్ ప్రకారం ఎంతో గంభీరంగా మా నోటికి అందించాడు.

మేం నిలిచాం. నీలం జట్టు కిందికి పోయింది. వాళ్ళలో ఒక్కరూ మమ్మల్ని మాట అనలేదు. మరుసటి సీజన్ మొదట్లో ఒక రోజు మా మ్యాచ్ లేదు. ఆ మధ్యే నేను కొన్న పాత కారు ముందు ఆంటీ పొయ్యితో ప్రత్యక్షమైంది. "ఊరి అవతలి పార్కుకు పోనియ్."

"వాన పడుతోంది ఆంటీ."

"వాళ్ళు మనతో తడవలేదూ?"

ఆ దీక్ష నాటి ఫొటో ఒకటి నా దగ్గరుంది. దుప్పటి కప్పుకుని పిడికిలెత్తిన బక్కపలచని విప్లవకారుడు, కళ్ళు మాత్రం ఉల్లిపాయల మీద. వాణ్ణి చూస్తే నవ్వొస్తుంది, అంత నమ్మకంగా ఆకలితో కూర్చోగలిగినందుకు కాస్త అసూయ కూడా. మీ సంగతికొస్తే, మీ జట్టో, మీ కులమో, మీ ఆఫీసో, మీకు లాభం చేసే తప్పుడు నిబంధన ఒకటి ఎక్కడో ఉండే ఉంటుంది. వెతికి పట్టుకోండి. కడుపునిండా తినే బయల్దేరండి, పరవాలేదు. కానీ దానివల్ల నష్టపోయినవాడి పక్కకు ఈ శనివారమే వెళ్ళి, కాస్త జరగమని అడిగి కూర్చోండి.