అడగకుండా కూర్చున్న రోజులు

పోయిన నెలలో కెనడాలోని మా హాలిఫాక్స్‌లో ముప్పయ్యేళ్ళుగా మాకు తెలిసిన ఒక పెద్దాయన కాలం చేశారు. మంచు తుఫాను వల్ల ఎవరూ గడప దాటే వీలు లేక, ఇక్కడి తెలుగువాళ్ళమంతా జూమ్‌లోనే సంతాప సభ పెట్టుకున్నాం. మనిషికి రెండు నిమిషాలన్నారు. ఒక్కొక్కరే తెర మీదికి రావడం, ఎలా జరిగింది, ఎప్పుడు జరిగింది, అంబులెన్సు ఎంతసేపటికి వచ్చింది అని ఆయన భార్యను అడగడం, ఆవిడ పాపం ప్రతివారికీ మొదటినుంచీ చెప్పుకురావడం, మధ్యలో ఎవరింట్లోనో కుక్కరు కూత వేయడం. నా వంతు వచ్చేసరికి నేను కెమెరా ఆపేసి ఇంట్లో ఈ గదిలోంచి ఆ గదిలోకి తిరగడం మొదలుపెట్టాను. నీ పేరు పిలుస్తున్నారే అని మావారు రెండుసార్లు కేకేసినా వెళ్ళలేదు. మాటలు రాక కాదు. ఒకప్పుడు ఇలాగే ఆత్రంగా అడిగిన ఒకే ఒక్క ప్రశ్న గుర్తొచ్చింది, అది ఇన్నేళ్ళయినా నన్ను కుదురుగా కూర్చోనివ్వదు.

అసలు కుదురన్నది నా జాతకంలోనే లేదనుకోండి. చిన్నప్పుడు మా నాయనమ్మ నన్ను కాలు కాలిన పిల్లి అనేది. మావారికి ఇక్కడి యూనివర్సిటీలో ఉద్యోగం వచ్చి, ఐదేళ్ళ మా అమ్మాయిని వెంటబెట్టుకుని హార్బర్‌కి అవతలి ఒడ్డున కాపురం పెట్టాక, మొదటి చలికాలమంతా గోడలు చూస్తూ గడిపేసరికి నాకు పిచ్చెక్కినంత పనైంది. ఆ రోజుల్లో వచ్చినవాళ్ళకు ఆ చలికాలం సంగతి నేను వేరే చెప్పనక్కర్లేదు. ఏ పనైనా ఫర్వాలేదనుకుని పేపర్లో ప్రకటన చూసి అప్లై చేస్తే, మనసు బాధలకు వైద్యం చేసే ఒక థెరపిస్టు గారి దగ్గర ఫోనెత్తి, ఫైళ్ళు సర్ది, వచ్చినవాళ్ళకు టీ ఇచ్చే ఉద్యోగం దొరికింది. రోజూ పొద్దున్నే ఫెర్రీ ఎక్కి ఇవతలికి వచ్చేదాన్ని. ఆ కాసేపు కూడా కూర్చోకుండా డెక్కు మీద పచార్లు చేసేదాన్ని.

ఆవిడను నేను మేడమ్ అనేదాన్ని. పేరు పెట్టి పిలవమని ఎన్నిసార్లు చెప్పినా నాకు నోరు తిరగలేదు. యూదుల ఇంటి ఆడపడుచు. ఆవిడ దగ్గరికి వచ్చేవారిలోనూ ఎక్కువమంది ఊళ్ళోని యూదు కుటుంబాలవారే. చిన్నతనంలో యూరప్‌లో అయినవాళ్ళందరినీ పోగొట్టుకుని, ప్రాణాలు చేతబట్టుకుని ఓడల్లో ఈ రేవుకు చేరినవాళ్ళు, వాళ్ళ పిల్లలు. వాళ్ళ గురించి నాకు తెలిసిందల్లా బళ్ళో చరిత్ర పుస్తకంలో చదివిన అరపేజీ. మనిషి ఎదురుగా కూర్చుని టీలో చక్కెర కలుపుకుంటుంటే ఆ అరపేజీ ఏ మూలకీ సరిపోదని నాకు మొదటి వారంలోనే తెలిసివచ్చింది.

మేడమ్ వైద్యం మాత్రం నాకు ఎంతకీ మింగుడుపడలేదు. వచ్చినవారిని ఏమీ అడగదు. రెండు కుర్చీలు కిటికీ వైపు తిప్పి పక్కపక్కన వేయించేది, ఎదురెదురుగా వేస్తే నిలదీసినట్టుంటుందట. వీధి తలుపుకు గంట లేదు, పని వేళల్లో గడియ వేయనిచ్చేది కాదు. వచ్చినవారు నెట్టుకుని లోపలికి వచ్చి, ఇష్టమైతే మాట్లాడేవారు, లేకపోతే గంటసేపు మౌనంగా కూర్చుని వెళ్ళిపోయేవారు. ఇదేం వైద్యమమ్మా, నోరు విప్పకుండా కూర్చోబెడితే రోగం దానంతటదే పారిపోతుందా అని నేను ఇంటికి వచ్చి మావారి దగ్గర సణిగేదాన్ని. మన దగ్గర అలా కాదు కదా. ఎవరైనా పోతే పరామర్శకు వెళ్ళి, ఎలా జరిగిందో అడిగి, వాళ్ళతో నాలుగుసార్లు చెప్పించి, పట్టుకుని ఏడ్చి, ఊరుకోమ్మా ఊరుకో అని కన్నీళ్ళు తుడిచి వస్తేనే మనసున్న మనుషులం. అడగకపోతే పట్టించుకోలేదంటారు.

అలా వచ్చినవాళ్ళలో ఒక పెద్దావిడ. అరవై దాటిన మనిషి, ఎప్పుడూ బూడిదరంగు కోటు, మెడదాకా బొత్తాలు. ప్రతి గురువారం కూతురు కారులో తెచ్చి దింపేది. ఆ కూతురు నలభైకి దగ్గరపడ్డాక మొదటిసారి కడుపుతో ఉంది. ఒకరోజు తల్లి లోపలుండగా నా బల్ల దగ్గర నిలబడి తన బాధ చెప్పుకుంది. వాళ్ళలో పుట్టిన బిడ్డకు పోయిన పెద్దవాళ్ళ పేరు పెట్టుకోవడం ఆచారం. మనం తాత పేరు, నాయనమ్మ పేరు పెట్టుకున్నట్టే, కాకపోతే బతికున్నవాళ్ళ పేరు పెట్టరు. కానీ ఈమెకు తన అమ్మమ్మ పేరు తెలియదు. తాత పేరు తెలియదు. తల్లికి అక్కచెల్లెళ్ళు ఎందరుండేవారో కూడా తెలియదు. పుట్టినప్పటినుంచీ ఎన్నడు అడిగినా ఆ తల్లి లేచి వేరే గదిలోకి వెళ్ళిపోయేదట. నాకు ఎవరి పేరు పెట్టుకోవాలో తెలియడం లేదండీ, మా వాళ్ళలో అసలు ఎవరైనా ఉండేవారా అనిపిస్తోంది అని ఆమె కళ్ళు తుడుచుకుంటుంటే, నాకు లోపల ఒకటే గాభరా. నెలలు నిండుతున్నాయి, ఆవిడేమో లోపల కిటికీలోంచి వీధిని చూస్తూ కూర్చుంటోంది, మేడమేమో పక్కన చేతులు కట్టుకుని కూర్చుంటోంది.

ఆపై గురువారం మేడమ్ ఫోన్లో ఉండగా ఆ పెద్దావిడ ఒక్కతే ముందు గదిలో కూర్చుంది. టీ అందించి, ఒక్క మాటేగా, ఆడది ఆడదాన్ని అడిగితే తప్పేమిటనుకుని, పక్కన చేరి, మీ అమ్మగారి పేరేమిటండీ అని అడిగేశాను. ఆవిడ కప్పు బల్ల మీద పెట్టింది. చప్పుడు కూడా కాలేదు. లేచి, కోటు వేసుకుని, బొత్తాలు ఒక కాజాకి బదులు ఇంకో కాజాలో పెట్టుకుంటూ, కూతురు వచ్చేదాకా ఆగకుండా ఆ మంచులో నడిచి వెళ్ళిపోయింది. మరుసటి వారం రాలేదు, ఆ పై వారమూ రాలేదు. ఇక రానంటోందని కూతురు ఫోను చేసింది. ఆ తరువాత పది రోజులకు ఆడపిల్ల పుట్టిందని ఇంకో ఫోను. పేరు పెట్టలేదట.

తప్పు నాదేనని మేడమ్‌తో చెప్పి ఉద్యోగం మానేస్తానన్నాను. ఆవిడ తిట్టలేదు. తిట్టి ఉంటే నా మనసు కాస్త తేలికపడేది. వాళ్ళలో మనిషి పోతే ఏడు రోజులు ఇంటివారు ఎత్తు తక్కువ పీటల మీద కూర్చుంటారని, తలుపు తీసే ఉంచుతారని, చూడవచ్చినవారు ఆ దుఃఖంలో ఉన్న మనిషి తనంతట తాను పలికేదాకా పెదవి కదపకూడదని అప్పుడు చెప్పింది.

"ఈవిడ కోసం ఆ ఏడు రోజులూ ఎవరూ కూర్చోలేదు. యాభై ఏళ్ళు ఆలస్యమైంది. ఇప్పుడు మనం కూర్చుందాం, నువ్వూ రా" అంది.

అప్పటికిగానీ ఆ కుర్చీల సంగతి, గడియ సంగతి నా బుర్రకెక్కలేదు. గురువారం సాయంత్రాలు ఇద్దరం ఆ తల్లీకూతుళ్ళ ఇంటికి వెళ్ళేవాళ్ళం. వస్తామని కూతురితో ముందే కబురు చేస్తే, ఆ పెద్దావిడ రావద్దని మాత్రం అనలేదట. తలుపు తీసే ఉండేది. ఆవిడ వంటింట్లో యాపిల్ పళ్ళు చెక్కు తీస్తూ ఉండేది, మేము బల్ల దగ్గర కూర్చునేవాళ్ళం. అంతే. నాకు ఆ గంట గడవడం ఎంత నరకమో! కాళ్ళు ఆగేవి కావు. లేచి ఆ గిన్నెలు కడిగేద్దామా, ఆ బల్ల తుడుద్దామా అని చేతులు దురద పెట్టేవి. లోపలి గదిలోంచి పేరు లేని ఆ పసిపిల్ల ఏడుపు వినిపించినప్పుడల్లా సగం లేచి మళ్ళీ కూర్చునేదాన్ని. మేడమ్ మాత్రం కదిలేది కాదు.

మూడో గురువారం ఆవిడ కత్తి పక్కన పెట్టి, మేడమ్‌ని కాదు, నన్ను చూసింది.

"నువ్వు మా అమ్మ పేరు అడిగావు. నీకెవరు పోయారు?"

ఎవరూ లేరని చెప్పబోయాను. నాకొక చెల్లెలుండేది. నాకు తొమ్మిదేళ్ళు, దానికి ఆరు. మూడు రోజుల జ్వరంతో పోయింది. దినాలు కాగానే మా అమ్మ దాని గౌన్లన్నీ ఎవరికో ఇచ్చేసింది, ఉన్న ఒక్క ఫోటో గోడ మీంచి తీసేసింది. ఆ తరువాత మా ఇంట్లో దాని పేరు ఎవరం ఎత్తలేదు. ఒకసారి పొరపాటున నా నోట్లోంచి వస్తే మా అమ్మ అన్నం ముందునుంచి లేచి వెళ్ళిపోయింది. అప్పటినుంచి నేను ఒకచోట కూర్చోవడం మానేశాను కాబోలు, ఊరికే కూర్చుంటే అది గుర్తొచ్చేది. మావారికి కూడా చెప్పలేదు. ఆ వేళ, ఎవరి దేశంలోనో, ఎవరి వంటింట్లోనో, దాని పేరు గట్టిగా పలికాను. పలికి భోరున ఏడ్చాను. ఊరుకోమని ఎవరూ అనలేదు. ఆ రోజు ఆ మాట అననందుకు వాళ్ళిద్దరికీ నేను ఈనాటికీ రుణపడి ఉన్నాను.

ఆవిడ యాపిల్ తొక్కలను ఒక్కొక్కటీ గిన్నెలోకి తీసింది. తరువాత ఒక పేరు చెప్పింది. తన అమ్మది. ఆ వెంటే చెల్లెళ్ళవి, తమ్ముడిది, ఎదురింటి అత్తయ్యది, ఒకదాని వెంట ఒకటి, ఆగకుండా. మేడమ్ కాగితం తీయలేదు, రాసుకోలేదు. అన్నీ అయ్యాక, ఇవి వినాల్సిన మనిషి లోపల ఉంది అని మాత్రం అంది. ఆవిడ లేచి కూతురి గదిలోకి వెళ్ళింది. ఆ పై శనివారం వాళ్ళ ప్రార్థనాలయంలో అంతమంది మధ్య ఆ పసిదాని పేరు పైకి చదివారు. నేను వెనక వరసలో కూర్చున్నాను. ఆ పేరు ఇక్కడ రాయను, అది వాళ్ళది.

మేడమ్ పోయింది, ఆ పెద్దావిడా పోయింది. ఆ కిటికీ గది ఉన్న ఇల్లు పడగొట్టి ఫ్లాట్లు కట్టారు. ఇప్పుడు ఇలాంటి వైద్యానికి వెళితే ముందు కంప్యూటర్లో ఫారం నింపాలి, నీకేం జరిగింది, ఎప్పుడు జరిగింది, ఒకటి నుంచి పది లోపు ఎంత బాధగా ఉంది అని. మంచి వైద్యమే కావచ్చు, నేను కాదనను. మొన్నామధ్య బస్సులో ఎవరో వెనకనుంచి ఆ పేరు పిలిచారు, ముప్పయ్యేళ్ళ అమ్మాయి నవ్వుతూ తిరిగి చూసింది. ఆమేనో కాదో నాకు తెలియదు. దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

సస్కటూన్‌లో ఉండే మా అమ్మాయి కడుపుతో ఉన్నప్పుడు నేను వెళ్ళి రెండు నెలలున్నాను. చెల్లెలి సంగతి చెప్పాలని రోజూ అనుకునేదాన్ని. మేడమ్ దగ్గర నేను నేర్చుకున్నది అడగకుండా పక్కన కూర్చోవడం. నా పక్కన అలా ఎవరైనా కూర్చుంటారని ఎదురుచూశాను. అమ్మాయికి తీరిక లేదు, దాని తప్పు కాదు, మీటింగుల మీద మీటింగులు. ఒకరోజు చెవిలో ఇయర్‌ఫోన్ తీయకుండానే, "అమ్మా, నేమ్ ఫైనలైజ్ చేసేశాం, ఇట్స్ షార్ట్, ఎవ్రీవన్ కెన్ సే ఇట్" అంది. బాగుందమ్మా అన్నాను, లేచి గిన్నెలు కడిగాను. నిజంగా మంచి పేరే.

మా అమ్మా నాన్నా వెళ్ళిపోయారు. ఆ ఆరేళ్ళదాన్ని చూసినవాళ్ళలో ఇక మిగిలింది నేనొక్కదాన్నే. మీరు ఇంతసేపు నా పక్కన ఓపిగ్గా కూర్చున్నారు, ఏమీ అడగలేదు. మా చెల్లెలి పేరు నాగరత్నం.