ఐదు బకెట్ల అక్క

ఆ ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ఎంగిలి పళ్లాలు కడిగే ఆవిడని అందరూ బకెట్లక్క అనేవారు. మొదట్లో ఎగతాళికే అన్నారు లెండి. మిగిలిందంతా ఒకే డ్రమ్ములో గుమ్మరించే చోట ఈవిడ ఐదు బకెట్లు వరసగా పెట్టి అన్నం ఒకదాంట్లో, కూర ఒకదాంట్లో, గుడ్లకూర ఇంకోదాంట్లో, పెరుగు వేరే, పళ్లు వేరే దులిపేది.

"పారేసేదానికి ఇంత సింగారమా అక్కా?" అని వడ్డించేవాళ్లు పగలబడి నవ్వేవారు.

"మీ నోళ్లకి లేని పద్ధతి నా బకెట్లకుంది, పొండి!" అనేది.

పదకొండేళ్లుగా కడిగే కిటికీ వెనక నిలబడి ఆవిడ మనుషుల మొహాలకంటే పళ్లాలే ఎక్కువ చూసింది. చిన్నప్పుడు గిన్నె అడుగు గీక్కుని తిన్న మనిషి. మెతుకు పారేస్తే ప్రాణం ఉసూరుమనేది.

ఒక సోమవారం భోజనాలయ్యాక మేనేజరు వంటింట్లోకొచ్చి పిడుగులాంటి మాట చెప్పాడు. వండినదాంట్లో మూడో వంతు చెత్తలోకే పోతోందట, వంట బాగాలేదట, పై వారం కొత్త వంటాయన వస్తాడట. ముసలి వంటాయన చేతిలోని గరిటె పక్కన పెట్టేశాడు. ఆయన బకెట్లక్కకి బాబాయ్. చుట్టరికమేమీ లేదు, ఆవిడ భర్త పోయినప్పుడు పిలిచి ఈ పని ఇప్పించినవాడు. ఆవిడకి ఒళ్లు మండిపోయింది.

"ఆగండి సారూ! ఆ చెత్త మీరెప్పుడైనా చూశారా? నేను రోజూ చూస్తాను. ఇదిగో, అన్నం బకెట్ నిండింది. గుడ్లకూర బకెట్ చూడండి, ఖాళీ! అదీ బాబాయ్ చేతి వంటేగా? ఇవిగో ఆపిల్ పళ్లు, ఒక్క కొరుకు కొరికి వదిలేశారు. గంట మోగిపోతుంటే నమిలే తీరికేదీ?"

"మరి అన్నం?"

"అది వీళ్ల బద్ధకం!" వడ్డించేవాళ్లని వేలెత్తి చూపించింది. "రెండోసారి వడ్డించాల్సొస్తుందని మొదటే గుట్ట పోసేస్తారు. కూర ఎవరికి కనబడుతుంది? ఇందాక మీ పళ్లెమూ నేనే దులిపాను సారూ. సగం అన్నం, కూర మొత్తం వదిలేశారు. ఇంకా చెప్పమంటారా?"

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "సరే. శనివారం దాకా చూస్తాను. నీ మాట తప్పయితే?"

"నేనూ బాబాయ్ వెంటే పోతాను."

మర్నాడే పెద్ద గరిటె దాచేసి అన్నం వడ్డించడానికి చిన్న గిన్నె ఇచ్చింది. మారు వడ్డనకి వేరే బల్ల వేయించింది. పళ్లు ముక్కలు కోసి పెట్టింది. వడ్డించేవాళ్లు కాళ్లు లాగుతున్నాయని సణిగారు, గురువారానికి అలవాటుపడ్డారు. పెరుగు బకెట్ మాత్రం మొండికేసి నిండుతూనే ఉంది. తీరా చూస్తే పెరుగు గిన్నె పొయ్యి పక్కనే ఉంది, పులిసిపోదూ మరి! నాలిక్కరుచుకుని దాన్ని నీళ్లతొట్టి పక్కకి మార్చింది.

శనివారం మేనేజరు మారు వడ్డన బల్ల దగ్గర రెండుసార్లు నిలబడ్డాడు. ఆయన పళ్లెం కిటికీలోంచి రాగానే బకెట్లక్క దాన్ని కడగకుండా రెండు చేతులతో పట్టుకుని పరుగున వంటింట్లోకి వెళ్లింది.

"బాబాయ్, చూడు! ఒక్క మెతుకు లేదు!"

వెనకే వచ్చిన మేనేజరు నవ్వాడు. "కొత్తాయన్ని రావద్దని చెప్పేశాను. ఈ పద్ధతి మన రెండో క్యాంటీన్‌లో కూడా నువ్వే నేర్పాలమ్మా."

బాబాయ్ కళ్లు తుడుచుకుంటూ పొగ, పొగ అన్నాడు. పొయ్యి అప్పటికే ఆర్పేశారు. బకెట్లక్క సంతోషం పట్టలేక, పని లేని మూడు బకెట్లు బోర్లించి ఒకదానిమీద దర్జాగా కూర్చుంది. ఇన్నేళ్లుగా పళ్లాలన్నీ కడిగాకే తినే ఆవిడ ఆ క్యాంటీన్‌లో వేడన్నం తినడం అదే మొదటిసారి. బాబాయే వడ్డించడానికొచ్చాడు.

"ఎంత పెట్టమంటావే?"

"కొంచెం పెట్టు బాబాయ్. కావాలంటే మళ్లీ అడుగుతాగా!"