మాగ్నం మామ

మా లక్ష్మణప్ప మామను మీరు ఏమడిగినా సరే, ఆయన జవాబు పాత మాగ్నం రివాల్వరుకూ కొత్త మాగ్నం రివాల్వరుకూ ఉన్న తేడా దగ్గరికే చేరుతుంది. వాన పడుతుందా అని అడిగి చూడండి. "పడితే తుప్పు పట్టేది పాతదానికప్పా. కొత్తది స్టెయిన్‌లెస్సు" అంటాడు.

పాతది ఆయనదే. కోలారు గనుల్లో పనిచేసి వెళ్ళిపోతున్న ఓ దొర దగ్గర వాళ్ళ నాన్న కొన్నాడు. తండ్రి పోయాక లైసెన్సుతో సహా మామకు వచ్చింది. కొత్తదాన్ని ఆయన ఫోన్లో తప్ప ఎక్కడా చూడలేదు. పాతదాన్నైనా ఒక్కసారీ పేల్చలేదు. టమోటా తోటలో అడవిపంది పడితే "పోమ్మా, పో" అని బతిమాలి పంపే మనిషి. అడిగినవాళ్ళకు లేదనడం అసలే చేతకాదు. ఆయన నిచ్చెన, మందు కొట్టే పంపు ఎవరింట్లో ఉన్నాయో ఆయన భార్య అంబికత్తే ఊరంతా వెతుక్కోవాలి.

ఒకసారి కైవారంలో పెండ్లి. పెండ్లికొడుకు తాళి కడుతుంటే మామ ముందుకు వంగి, "మూడు ముళ్ళు ఎందుకప్పా? మా పాతదాని గొట్టం కదలకుండా అడ్డంగా ఒక్క పిన్నే. కొత్తదానికి అదీ లేదు, ఉత్త మర బిగింపే" అన్నాడు. పురోహితుడు మంత్రం మరిచిపోయాడు.

పోయిన ఎండాకాలం బోరు నీళ్ళ వంతు దగ్గర నాకూ తమ్ముడు ధనుంజయకూ చెడింది. నా వంతు రోజున వాడు మోటారు ఆపకుండా తన టమోటాకు పారించుకున్నాడు. మాటామాటా పెరిగింది. ఊరందరి ముందూ వాడు నా చొక్కా పట్టుకున్నాడు, నేను వాడి చెంప మీద ఒకటి వేశాను. రాత్రంతా నిద్ర లేదు. మరునాడు మధ్యాహ్నం నేరుగా మామ ఇంటికి వెళ్ళాను.

"మామా, నీ రివాల్వరు ఒక్క దినం ఇయ్యి."

"ఎందుకప్పా?"

"ధనుంజయను బెదిరించేదానికి. ఊరికే."

నిజం చెప్పాలంటే, బెదిరింపుతో ఆగుతానని నాకే నమ్మకం లేదు.

మామ లోపలికి వెళ్ళి చెక్కపెట్టె తెచ్చి ఒళ్ళో పెట్టుకున్నాడు. మూత మాత్రం తియ్యలేదు.

"కూకో. యాడికి పోతాది? చేతికి తీసుకునేవాడికి ముందు తేడా తెలిసుండల్ల."

ఆరు టమోటాలు తెచ్చి అరుగు మీద గుండ్రంగా పేర్చాడు. "ఇవి తూటాలు పెట్టే ఆరు గదులు. పాతదాంట్లో తూటా అంచు గదిలోకి మునిగిపోతాది. కొత్తదాంట్లో పైకే కనపడతాది. ఎందుకు?"

"తెల్దు మామా, ఇయ్యి."

"అదే చెప్తాండా. పాతదానికి తూటాను పొడిచే ముల్లు సుత్తికే ఉండాది. కొత్తదానికి చట్రంలో దాక్కోనుండాది. మళ్ళా కొత్తదాని పక్కన తాళంచెవి బెజ్జం!"

"బెజ్జం ఎందుకు?" అన్నాను. అడక్కుండా ఉండాల్సింది. ఆ బెజ్జం మీదే గంటన్నర పట్టింది.

మధ్యలో అంబికత్త సంగటి పెట్టింది. ముందురోజు నుంచీ ఏమీ తినలేదని అప్పుడే గుర్తొచ్చింది. మజ్జిగ తాగి, మామ కొత్తదాని పిడి దగ్గరికి వచ్చేసరికి అరుగు మీదే నిద్రపోయాను. లేచేసరికి పొద్దు వాలింది. పెట్టె సంగతి ఎత్తకుండా ఇంటికి నడిచాను.

తెల్లవారి బోరు దగ్గరికి వెళితే ధనుంజయ ఉన్నాడు. మోటారు స్టార్టరు పెట్టెకు కొత్తగా తాళం వేశాడు. ఇద్దరం మొహాలు చూసుకోలేదు. ఏం మాట్లాడాలో తెలియక, "పాతదానికి ఈ తాళం బెజ్జం లేదు" అనేశాను.

వాడు తల ఎత్తకుండా, "ముల్లు కూడా సుత్తికే ఉండె" అన్నాడు.

అప్పుడు ఇద్దరం మొహాలు చూసుకున్నాం.

"నువ్వెప్పుడు పోయింటివిరా?"

"నిన్న పొద్దున్నే. నాకు రెండు గంటలు చెప్పినాడన్నా. నీకు?"

"నాలుగు."

"అయితే నీకే కోపం ఎక్కువ" అన్నాడు వాడు, తాళం తీసి చెవి నా చేతిలో పెడుతూ. నాకు నవ్వు వచ్చింది. ఇద్దరిలో ఎవరి చేతికి అది అందినా ఈ పాటికి ఏమై ఉండేదో! బతికిపోయాం అనుకున్నాను.

ఇద్దరం కలిసే మామ ఇంటికి వెళ్ళాం. ధనుంజయ అడక్కుండా పెట్టె మూత తీశాడు. లోపల అంబికత్త కళ్ళజోడు, పోలీసు స్టేషను రసీదు ఉన్నాయి.

"ఎప్పుడో ఎలక్షన్లకు రివాల్వరు స్టేషన్లో ఇచ్చేస్తి. మళ్ళా తెచ్చుకోలేదు" అన్నాడు మామ సిగ్గుపడుతూ. "ఇంట్లో ఉంటే ఎవరన్నా అడుగుతారు. నాకు లేదనేది రాదు కదప్పా."

"ఆ మాట నిన్ననే చెప్పింటే అయిపోతుండె కదా మామా?" అన్నాను.

"చెప్పింటే నువ్వు కూకుంటావా? ఇంకో ఇంటికి పోయి కొడవలి అడుగుతావు. పెట్టెలో ఉండాదనుకున్నంత సేపే కదా నువ్వు నా కాడ ఉండేది."

దండం పెట్టి లేవబోయాం.

"యాడికి? నువ్వు నిన్న నిద్రపోతివి. కొత్తదాని పిడి ఇంకా చెప్పనే లేదు."

అంబికత్త లోపల సంగటికి ఎసరు పెట్టింది. తమ్ముడూ నేనూ మళ్ళీ అరుగు మీద కూర్చున్నాం.