మా మగ్గం గుంతలో వెన్నెలదీవి రాణి

మా చిన్నప్పుడు... ఆదివారం పొద్దున తొమ్మిదయ్యేసరికి ధర్మవరంలో మా వీధి పిల్లలందరం నస్రీన్ వాళ్ళింట్లో ఉండేవాళ్ళం. రంగుల టీవీ వాళ్ళకొక్కళ్ళకే ఉండేది మరి. తెలుగులోకి డబ్బింగ్ చేసిన సముద్రపు దొంగల కార్టూన్ వచ్చేది. వాళ్ళ ఓడ వారానికో దీవికి చేరేది. మా ప్రాణమంతా మాత్రం ఒక్క దీవి మీదే... వెన్నెలదీవి రాజ్యం!

ఆ రాజ్యంలో రాజు కొడుకు రాజు కాడు. ఏటా పడవ పందెం పెడతారు, గెలిచినవాళ్ళకే కిరీటం. ఆ ఏడు గెలిచింది పదేళ్ళ పిల్ల. కత్తులు పట్టుకొచ్చిన దొంగలు కూడా ఆ పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చునేవాళ్ళు. మేమెవరమూ సముద్రం చూసినవాళ్ళం కాదు. చిత్రావతి ఏట్లో నీళ్ళొస్తేనే ఊరంతా వెళ్ళి చూసొచ్చేవాళ్ళం. బడివాళ్ళు పెనుకొండ కోటకు తీసుకెళ్తే, కొండెక్కి నిలబడి, చుట్టూ నీళ్ళుంటే ఇదే వెన్నెలదీవి కదా అనుకున్నాం.

అమావాస్య రోజు మగ్గాలకు సెలవు. మగ్గం కింద నాయన కాళ్ళు పెట్టుకునే గుంత ఉండేది... ఆ రోజు అదే మా సముద్రం. టీవీ వాళ్ళింట్లో, సముద్రం మా ఇంట్లో. అయినా రాణి ఎప్పుడూ నస్రీనే! నేను కోట గుమ్మం దగ్గర చీపురు పట్టుకొని నిలబడే భటుణ్ణి.

"ఈసారి నేను రాణి" అంటే, "నీకు రాణి మాటలు రావు గదమ్మే" అనేది. నిజమే... టీవీ దానిది, మాటలన్నీ దానికి కంఠతా వచ్చు. నాకు కడుపు మండిపోయేది.

వాళ్ళ నాన్న చీరల అంచులకు డిజైన్లు గీసేవాడు. గళ్ళ కాగితం మీద బొమ్మ గీసి, ఆ గళ్ళ లెక్కన పొడవాటి అట్టలకు బొక్కలు కొట్టి, అన్నిటినీ దండలా కుట్టి ఇచ్చేవాడు. ఆ దండ మగ్గం పైన తిరుగుతుంటే కింద చీర మీద బొమ్మ పడేది. ఒకరోజు నస్రీన్ మిగిలిపోయిన గళ్ళ కాగితం మీద వెన్నెలదీవి జెండా గీసింది... నెలవంక తెరచాప ఉన్న పడవ. వాళ్ళ నాన్న మురిసిపోయి దానికి నిజంగానే అట్టలు కొట్టాడు. నేయడానికి ఎవరికిచ్చాడనుకున్నారు? మా నాయనకే!

మా నాయన మాటలు తక్కువ మనిషి. నేను క్లాసులో ఫస్టొచ్చినా "ఊఁ" అనేవాడు, అంతే. అలాంటి మనిషి ఆ కాగితం చేతిలో పట్టుకొని, "ఎంత సక్కంగా గీసిందబ్బా ఈ పిల్ల! చెయ్యంటే ఇట్లుండల్ల" అన్నాడు... నా ముందే! మా ఇంట్లో, మా మగ్గం మీద, మా నాయన చేతులతో దాని రాజ్యం తయారవుతోంది. ఆ మాట ఒక్కసారి నన్ను అనుంటే చాలు, నాకు ఏ కిరీటమూ అక్కర్లేదు.

మధ్యాహ్నం నాయన అన్నానికి లేచాడు. నేను స్టూలెక్కి, మూడు అట్టలు కలిపి పట్టుకొని, పక్కపక్కనే మూడు చోట్ల ఇనప మొలతో పొడిచేశాను. పడవ చెడిపోవాలి, నస్రీన్‌కు తిట్లు పడాలి.

మగ్గం పక్కన పుట్టి పెరిగి కూడా నాకు ఒక్క సంగతి తట్టలేదు చూడండి... అట్టల దండ గుండ్రంగా తిరుగుతుంది. ఒకచోట పొడిస్తే చీర పొడవునా అదే తప్పు మళ్ళీ మళ్ళీ వస్తుంది. చూసేవాళ్ళకు అదీ డిజైన్‌లో భాగమే అనిపిస్తుంది.

సాయంత్రానికి తెరచాప పక్కన చిన్న జరీ చుక్క పడింది. తర్వాతి పడవ పక్కనా చుక్కే. నాయన మగ్గం ఆపి అట్టలు తిప్పి చూశాడు. నేను తలుపు చాటుకు తప్పుకున్నాను. తప్పు బొక్కకు కాగితం అంటిస్తే సరిపోతుంది... ఎందుకో నాయన అంటించలేదు.

అంతలో నస్రీన్ వచ్చింది. ఏడుస్తుందని ఎదురుచూశాను. అది చప్పట్లు కొట్టింది! "మామా, పడవకు దావ సూపే సుక్క పెట్టినావా! నాకు తట్టనే లేదు సూడు!" దారి చూపే నక్షత్రమట!

చీర తీసుకున్న సేటు కూడా, "ఆ సుక్కతోనే అందమొచ్చిండాది, ఇట్లాంటివే ఇంకా నెయ్యప్పా" అన్నాడు. వీధంతా నస్రీన్‌నే మెచ్చుకుంది. ఆ చుక్క నాది అని అరవాలనిపించేది. అరిస్తే ఎలా పెట్టానో కూడా చెప్పాలి కదా... కుళ్ళి కుళ్ళి ఊరుకున్నాను.

ఇప్పుడు నేను హిందూపురంలో ఉంటున్నాను. నస్రీన్ కంప్యూటర్ మీద చీరల డిజైన్లు చేస్తోంది. దాని ఫొటోల కింద లైకులు చూస్తే ఇప్పటికీ నాకు లోపల చురుక్కుమంటుంది, దాచుకోవడమెందుకు! పోయిన నెల నాయన మా ఇంటికొచ్చి, నా ఫోన్‌లో అవే చూస్తూ, "ఈ పిల్ల చెయ్యే వేరు" అన్నాడు.

ఇన్నేళ్ళదీ ఒక్కసారిగా పొంగుకొచ్చింది. "పడవ కాడ సుక్క పెట్టింది నేను నాయనా! మొలతో పొడిసినా!" అనేశాను. ముప్పై అయిదు దాటినదాన్ని... చిన్నపిల్లలా!

నాయన ఫోన్ పక్కన పెట్టాడు. "తెలుసు గదమ్మా. మొల బొక్క యాడన్నా దాగుతుందా?"

"మరి ఆ పొద్దే ఎందుకు అడగలేదు?"

"నువ్వే వచ్చి చెప్తావని సూసినా. బాగుండాదనే గదా కాయితం అంటీకుండా ఇడిసిపెట్టింది. చెప్పింటే... ఆ పొద్దు నిన్నే ఎత్తుకుందును."

ఇప్పుడు ధర్మవరంలో మా వీధిలో అట్టలు కొట్టేవాళ్ళు లేరు. ఎవరి ఫోన్ వాళ్ళది, ఎవరి కార్టూన్ వాళ్ళది... మా పాపకు రాణి వేషం కోసం పోట్లాడే అవసరమే లేదు. మీరూ చిన్నప్పుడు ఎవరినో చూసి కుళ్ళుకొని ఏదో ఒకటి చేసే ఉంటారు. కింద రాయండి... కానీ చెప్పాల్సినవాళ్ళకు ముందు చెప్పి, ఆ తర్వాత రాయండి.