అత్తయ్య అరచేతికి అందిన పాట

వీధిలో అందరూ ఆమెను గంటమ్మ అనేవారు. ఆమె గొంతెత్తితే మందిరం గంట కూడా సిగ్గుపడుతుందని వాళ్ల పరిహాసం. వారమంతా ఇంట్లో బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది. ఆదివారం వస్తే చర్చి పాటల బృందంలో ముందు నిలబడేది. ఇరవై ఏళ్లలో ఆ చోటు ఒక్కసారీ ఖాళీగా లేదు.

అత్తగారికి పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయాక ఖాళీ అయింది. భర్త బస్సు డ్రైవరు, ఆదివారమే సెలవు దొరకదు. అత్తగారికి మాట పోలేదు గానీ, చెవుడు మాత్రం ఎప్పుడో ముదిరిపోయింది.

ఒక ఆదివారం పొద్దున రెండు వీధుల అవతలి మందిరం నుంచి పాట వినపడుతోంది. తను ఎత్తుకోవలసిన పాటను ఎవరో శ్రుతి తప్పి ఈడుస్తున్నారు. అత్తగారికి ఒళ్లు తుడుస్తున్న గంటమ్మ, వంగని ఆ మోచేతిని విసురుగా లాగింది. ముసలావిడ "అమ్మా!" అంది.

"నన్ను ఈ మంచానికి కట్టేశారు. దేవుడి గడప తొక్కి ఎనిమిది నెలలైంది," అంది గంటమ్మ, ఎలాగూ వినపడదు కదా అని.

మాట వినపడలేదు గానీ మొహం కనపడింది.

"ఇవాళ ఆదివారం కదూ? నీకు దేవుణ్ణి దూరం చేశానా తల్లీ?" అంటూ అత్తగారు గోడవైపు తిరిగింది.

గంటమ్మ తడిగుడ్డ గిన్నెలో పడేసి, నేల మీద కూర్చుని, తను లాగిన చేతినే కళ్లకద్దుకుంది. "తప్పయింది అత్తయ్యా."

చాలాసేపటికి అత్తగారు ఇటు తిరిగింది. "అక్కడ పాడేది ఇక్కడ పాడకూడదుటే?"

మీకు వినపడదుగా అన్నట్టు గంటమ్మ చెవి చూపించి చెయ్యి ఊపింది.

"చెవుడు నాకు. దేవుడిక్కూడానా?"

గంటమ్మ ఏడుస్తూనే ఫక్కున నవ్వింది. అత్తగారు ఎడమ అరచేతిని ఆమె గొంతుకు ఆనించింది. పాట మొదలైంది. చేతికింద గొంతు అదురుతుంటే ముసలావిడ పెదవులు ఒక పంక్తి వెనకగా కదిలాయి. మందిరంలో పాడేటప్పుడు గంటమ్మ ఒక చెవి ఎప్పుడూ జనం వైపు పెట్టేది. ఆ రోజు ఆ ఊసే తోచలేదు.

నెల తిరక్కుండా పాస్టరుగారు వచ్చారు. "నువ్వు లేక బృందం కుంటుతోందమ్మా. కాసేపు ఎవరినైనా కూర్చోబెట్టి రాలేవా?"

"ఇక్కడా ఆరాధన జరుగుతోందండి," అనేసి, ఎక్కువ మాట్లాడానేమోనని ఆమె నాలుక కరుచుకుంది.

ఆయన స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చున్నారు. "మందిరం గోడలకి రంగులేయించి, దేవుడు అక్కడే కాపురముంటాడని మేం అనుకుంటున్నాం. ఇంతకీ ఏ పాట పాడుకుంటున్నారు?"

అత్తగారు మరో రెండేళ్లు బతికింది. ఆవిడ పోయిన మూడో ఆదివారం గంటమ్మ మందిరానికి వెళ్లింది. ముందు నిలబడుతున్న టీచరమ్మ పక్కకు జరగబోతే వద్దని చెయ్యి పట్టుకుని ఆపింది. వెనక బెంచీలో ఒక ముసలాయన పక్కన చోటు చూసుకుంది. ఆయనకు పుస్తకంలో అక్షరాలు ఆనడం లేదు. ఒక్కో పంక్తీ ముందుగా ఆయన చెవిలో మెల్లగా చెప్పి, ఆయన అందుకున్నాక తనూ పాడింది.