సారు సభ్యత్వం, నా సంతకం

ఆ సాయంత్రం హాజరు పిలిచినప్పుడు, అక్కడ లేని పిల్లకు బదులు పలికింది నేనేనని సారుకు తెలుసా? దాదాపు ఇరవై ఏళ్లుగా ఈ ప్రశ్నను మోస్తున్నాను. నారాయణఖేడ్‌లో మా ఇంటికీ ఆయన ఇంటికీ మధ్య రెండు గల్లీలే దూరం. ఎప్పుడైనా పోయి అడగవచ్చు. అడగలేదు. పోయిన నెల ఒక పొద్దున పాలు కాస్తుంటే మా స్కూలు అటెండరు గేటు దగ్గరే నిలబడి, "మేడం, భూగోళం సారు పోయిండు" అన్నాడు. పడుకున్న మనిషి పడుకున్నట్టే పోయారట. ఏడుపు వెంటనే రాలేదు. ఇక అడగాల్సిన పని లేదు అన్న తేలికదనం ముందు వచ్చింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ ఆయన గురించి రాస్తూ ఇంకో దొంగ హాజరు వేయలేను.

సారు దినాలు కాకముందే పట్నం నుంచి నా పేరున ఒక కవరు వచ్చింది. డేరాల క్లబ్బు సభ్యత్వం ఈ ఏటికి కొనసాగిస్తారా, లేదా అని. జవాబు ఈ శుక్రవారంలోగా చేరాలి. ఊళ్లో బాధ్యత తీసుకునే సభ్యులు ఒక్కరైనా లేకపోతే, ఇన్నేళ్లూ మా దగ్గర ఉంచిన నాలుగు డేరాలనూ వాళ్లు వెనక్కి తీసుకుంటారు. అంటే దసరా సెలవుల్లో మా ఆడపిల్లల క్యాంపు ఇక ఉండదు. పోయిన ఏటి ఫారంలో, తన తర్వాత ఎవరు అన్న గడిలో సారు నా పేరు రాసి పంపారట. ఆ సంగతి నాకు ఈ కవరు వచ్చాకే తెలిసింది.

క్లబ్బు అంటే చదివేవాళ్లు ఏమనుకుంటారో. అది కార్లున్నవాళ్ల క్లబ్బు. కారు వెనక చక్రాల ఇల్లు ఒకటి తగిలించుకొని అడవుల్లోకి, చెరువుల దగ్గరికి పోయి రెండు రోజులు ఉండి వస్తారు. సారు ఏదో పాత పత్రికలో ప్రకటన చూసి ఫారం తెప్పించుకున్నారు. మీ వాహనం ఏది అని అడిగిన చోట "గూడుబండి" అని రాశారు. ఏ మోడల్ అని వాళ్లు ఉత్తరం రాస్తే, "కుడి దిక్కుది తెల్లది, ఎడమ దిక్కుది మచ్చలది, రెండూ నెమ్మదస్తులే" అని జవాబిచ్చారు. ఆ బండీ ఎడ్లూ నాగల్‌గిద్దలో ఉన్న ఆయన అన్నవి. ఆ జవాబు పట్నంలో ఎవరికో నచ్చినట్టుంది. సభ్యత్వం ఇచ్చారు, అక్కడక్కడ అతుకులు వేసిన నాలుగు డేరాలు కూడా పంపారు.

నాకు ఆరో తరగతి నుంచి భూగోళం చెప్పింది ఆయనే. క్లాసులోకి వస్తూనే పుస్తకం తెరవమనేవారు కాదు. "పొద్దుగాల బడికి రాంగ గాలి ఎటు నుంచి కొట్టింది?" అని అడిగేవారు. చెప్పలేనివాళ్లు బయటికి పోయి గాలికి ఎదురుగా నిలబడి తెలుసుకొని రావాలి. "నక్ష కాగితం మీద ఉంటది, వాగు నేల మీద ఉంటది. నోడు, రెండూ ఒకటి గావు" అనేవారు. వాళ్లింట్లో కన్నడం. కోపంలోనూ ముద్దులోనూ 'చూడు'కు బదులు 'నోడు' వచ్చేది. ఏదైనా వదిలేయాలనుకుంటే "ఇరలి" అనేవారు. ఉండనీ, అని.

పట్నంలో ఎం.ఏ. చేసి, ఆడపిల్లల హైస్కూల్లో టీచరుగా తిరిగి వచ్చిన ఏడు సారు మా ఇంటికి వచ్చారు. "ఆడపిల్లల క్యాంపుకు ఒక టీచరమ్మ ఉండాలె బిడ్డా. నువ్వొస్తవా, లేకుంటే పట్నం పోయి మెత్తగైనవా?" అన్నారు. మెత్తబడలేదని చూపించుకోవడానికే ఒప్పుకున్నాను.

క్యాంపులో ఆయనది ఒకే కఠినమైన నియమం. పొద్దు గుంకక ముందే హాజరు. పేరు పిలిస్తే "ఉన్న సార్" అంటే ఒప్పుకునేవారు కాదు. నీళ్లు వస్తే ఎటు పోతావో చెప్పాలి. మా డేరాలు ఎప్పుడూ కంగ్టి దిక్కు వాగు ఒడ్డునే ఉండేవి. ఇక్కడ చుక్క పడకపోయినా కర్ణాటకలో వాన కొడితే ఆ వాగు వస్తుంది. కాబట్టి జవాబు ఒక్కటే: "గట్టు మీదికి సార్." ఇరవై మంది పిల్లలు, ఇరవైసార్లు గట్టు మీదికి. రెండో రోజుకల్లా నిద్రలో లేపి అడిగినా అదే చెప్పేవాళ్లు.

మూడో క్యాంపులో జరిగింది చెప్పాలి.

తొమ్మిదో తరగతి బాలమణి నా దగ్గరికి వచ్చి, "టీచర్, మా అమ్మ ఇచ్చిన ఇత్తడి చెంబు వాగు అవతల మర్చిపోయిన, తెచ్చుకుంట" అంది. మధ్యాహ్నం పిల్లలు అటు ఒడ్డున బట్టలు ఉతుక్కున్నారు. వాగులో నీళ్లు పాదాలు కూడా మునగనన్నే. "జల్దీ రా, సారు హాజరు పిలుస్తడు" అన్నాను. అది పోయిన కాసేపటికే సారు రిజిస్టరు తెరిచారు. నేను వరస చివర నిలబడ్డాను. బాలమణి కంది చెట్ల పక్కనుంచి దిగిపోవడం చూశాను, ఇంకో రెండు నిమిషాల్లో వస్తుంది అనుకున్నాను. లేదని తెలిస్తే సారు పిల్లను తిడతారు, పంపినందుకు నన్నూ అంటారు. ఇరవై ఆరేళ్ల టీచరును పిల్లల ముందు అంటారు. "బాలమణి" అన్నారు. తల దించుకొని, గొంతు కొంచెం సన్నం చేసి, "గట్టు మీదికి సార్" అన్నాను. ముందు నిలబడ్డ పిల్లలెవరూ తిరిగి చూడలేదు. సారు టిక్కు పెట్టారు.

రిజిస్టరు మూసేలోపలే చప్పుడు వచ్చింది. బండ్లు చాలా ఒకేసారి రాళ్ల మీద నడిచినట్టు. సారు తల ఎత్తి విన్నారు. "ఉరుకుండ్రి" అన్నారు. పిల్లలు గట్టెక్కారు, చెప్పినట్టే, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకొని. ఆయన పైన నిలబడి తలలు లెక్కపెడుతున్నారు. నేను చెప్పాలి. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టారు. అప్పుడు అన్నాను: "సార్, బాలమణి అవతల ఉన్నది."

ఆయన నన్ను ఒక్కసారి చూశారు. వాగు దిక్కు తిరిగారు.

అప్పటికే వాగు ఎర్రగా, నురగతో నిండుతోంది. బాలమణి అటు ఒడ్డున చెంబు చంకన పెట్టుకొని నిలబడి ఉంది. మమ్మల్ని చూసింది. గట్టును చూసింది. రెండు రోజులు మేము దానికి నేర్పింది ఒక్కటే, నీళ్లు వస్తే గట్టు మీదికి. గట్టు ఇటు ఉంది. పిల్ల నీళ్లల్లో కాలు పెట్టింది.

"రాకు, ఎనుకకు పో" అని మేమంతా అరిచాం. నీళ్ల మోతలో మా గొంతు మాకే వినపడలేదు. రమ్మని పిలుస్తున్నామనుకుంది. మోకాలి దాకా దిగింది. నేను చేతులు ఊపితే ఇంకా తొందరపడింది. సారు నా చేతులు పట్టి కిందికి దించారు. "అందరు ఎనుకకు తిరుగుండ్రి. వాగుకు వీపు పెట్టుండ్రి. ఉరుకుండ్రి" అన్నారు. పిల్లలు అర్థం కాక నిలబడ్డారు. "నోడు, మనం ఏం చేస్తె ఆ పిల్ల అదే చేస్తది. తిరుగుండ్రి. ఎవ్వరు తిరిగి చూడొద్దు."

తిరిగాం. వాగుకు వీపు పెట్టి పక్క కందిచేను వైపు పరుగెత్తాం. బాలమణి కూడా వెనక్కి తిరిగి పరుగెత్తిందా, నీళ్లల్లోనే ఉందా, చూడడానికి లేదు. నా పక్కన ఒక పిల్ల మెడ తిప్పబోతే సారు ఆ పిల్ల చెంప మీద అరచెయ్యి అడ్డం పెట్టారు. ఎంతసేపో నాకు తెలియదు. చేను గట్టు దాకా పోయి ఆగమన్నారు. ముందు తాను తిరిగారు. ఆయన ముఖంలో ఏం వస్తుందా అని నేను ఆయన్నే చూస్తూ నిలబడ్డాను.

"మంచె ఎక్కుతుంది" అన్నారు, అని నేల మీద కూర్చున్నారు.

అవతల జొన్నచేనులో కాపలా మంచె ఉంది. కాపలావాళ్లు పిల్లను పైకి లాగుతున్నారు. తెల్లారి వాగు దిగాక వాళ్లే తెచ్చి అప్పగించారు. చెంబు మాత్రం పోయింది.

కంగ్టి నుంచి బాలమణి నాయిన వచ్చాడు. బడి ముందర పది మందిలో, "పిల్లల లెక్క తెల్వనోనివి, నీకు పంతులు కొలువు ఎవడిచ్చిండయ్యా?" అని సారును నిలదీశాడు. నేను అక్కడే స్తంభం పక్కన ఉన్నాను. "సరిగ చూడకుంట టిక్కు పెట్టిన. తప్పు నాదే" అన్నారు సారు. నేను చెప్పడానికి అదే అదను. ఉద్యోగం కొత్త అని, జనం ఉన్నారని, సాయంత్రం ఇంటికి పోయి సారుకు ఒక్కరికే చెబుదామని అనుకున్నాను. సాయంత్రం పోలేదు.

రెండేళ్లు ఎవరూ పిల్లల్ని పంపలేదు. సారు మాత్రం ప్రతి ఏడూ ఫారం పట్టుకొని వచ్చేవారు, క్లబ్బు రూలు ప్రకారం టీచరమ్మ సంతకం కావాలని. నేను చేసేదాన్ని. చాయ్ తాగేవారు. కప్పు ఖాళీ అయ్యాక కూడా లేవకుండా కాసేపు చేతిలోనే తిప్పుకుంటూ కూర్చునేవారు. "ఇగ ఏమన్న ఉన్నదా బిడ్డా?" అనేవారు. "ఏం లేదు సార్." "ఇరలి" అని లేచేవారు. ముసలితనం, కూర్చోవడం ఇష్టం, అనుకునేదాన్ని. తర్వాత క్యాంపు మళ్లీ మొదలైంది. హాజరు మాత్రం మారింది. ఆయన పేరు పిలిచినప్పుడు ప్రతి పిల్లా ముందుకు వచ్చి ఆయన చేతిని తాకి, ఈ ఒడ్డున ఉంటే ఎటు పోవాలో, ఆ ఒడ్డున ఉంటే ఎటు పోవాలో రెండూ చెప్పాలి. అంత మార్చారు గానీ ఎందుకు మార్చారో ఎన్నడూ నా ముందు అనలేదు.

దినాలు అయిపోయాక కవరు తీసుకొని వాళ్లింటికి పోయాను. అమ్మ, అంటే సారు భార్య, బియ్యం ఏరుతూ కూర్చుంది. నా పేరు ఎందుకు రాశారని అడిగాను. "ఇంకెవరి పేరు రాస్తడు?" అంది. నేను ఊరుకోలేదు. ఆయన లేరన్న ధైర్యమో ఏమో, ఆ సాయంత్రం సంగతంతా చెప్పేశాను. ఆమె ఏరడం ఆపలేదు.

"ఆయనకు ఎరుకే బిడ్డా. ఇంటికొచ్చిన నాడే చెప్పిండు. ఆరో తరగతి నుంచి విన్న గొంతు, నాకు తెల్వదా అన్నడు."

"తెలిసి టిక్కు ఎట్ల పెట్టిండమ్మా?"

"టీచరే పలికిందంటే పిల్ల ఆమె పక్కననే ఉన్నదనుకున్న, అన్నడు."

నేను అడిగాను, మరి నాతో ఎందుకు అనలేదని.

"నేను గూడ అడిగిన. ఆమే చెప్తది, ఫారం తీస్కొని పోయినప్పుడు చెప్తది, అన్నడు. శాన ఏండ్లు గట్లనే అన్నడు. తర్వాత అనుడు బంజేసిండు." చేటలో రాయి ఒకటి తీసి పక్కన పడేసింది. "నువ్వు గిప్పుడు చెప్తున్నవ్. నాకు చెప్తె ఏమొస్తది?"

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది.

అప్పటినుంచి ఆ ఖాళీ కప్పులన్నీ లెక్కకు వస్తున్నాయి. ఆయన నా మీద నమ్మకంతో నా పేరు రాశారా, లేక చెప్పాల్సినవాళ్లు ఇంకా ఉన్నారు, పోయి చెప్పు అని రాశారా? మొదటిదైతే సంతకం పెట్టవచ్చు. రెండోదైతే సంతకం కంటే ముందు పని ఒకటి ఉంది.

ఆ పని నిన్న నడుచుకుంటూ మా గేటు దాకా వచ్చింది. బాలమణి ఇప్పుడు కంగ్టిలో కిరాణం నడుపుతుంది. కూతురు ఇక్కడ హాస్టల్లో ఉండి మా బడిలోనే తొమ్మిది చదువుతోంది. తల్లీకూతుళ్లు వాకిట్లో కూర్చున్నారు.

"టీచర్, గీ పోరి నా పానం తింటుంది, క్యాంపుకు పోతనని. ఈసారి పెడ్తరా లేదా?"

"ఇంకా అనుకోలేదే."

"అనుకోండ్రి మరి. సారున్నప్పుడైతే నేను పంపకపోదును. మనిషి దేవుడే, గని నన్ను వాగు అవతల ఇడిసిపెట్టి టిక్కు పెట్టిండు." నవ్వింది. "మీ చేతుల పెడ్తె నాకు రంది లేదు."

కూతురు, "అమ్మా, నువ్వే అడగకుంట పోయినవేమో" అంది.

"టీచర్ను అడిగే పోయిననే. టీచర్ సారుకు చెప్పే ఉంటది, ఆయననే యాది మర్చిండు." నా వైపు తిరిగింది. "అవునా టీచర్?"

చాయ్ పెడతానని లోపలికి పోయాను. స్టవ్వు వెలిగించి, గిన్నెలో నీళ్లు పోయకుండానే నిలబడ్డాను. తిరిగి వచ్చేసరికి బాలమణి కంగ్టి బస్సుకు టైమైందని లేచి నిలబడి ఉంది. ప్రశ్న అడిగిన సంగతే మరిచిపోయింది. శుక్రవారం దాకా ఆగమని ఆ పిల్లకు చెప్పాను.

బాలమణికి చెబితే కూతుర్ని పంపదు. ఆమె పంపకపోతే కంగ్టి నుంచి ఇంకెవరూ పంపరు. అప్పుడు సంతకం ఉన్నా క్యాంపు ఉండదు. చెప్పకుండా సంతకం పెడితే క్యాంపు ఉంటుంది, హాజరు నేనే పిలవాలి. పెట్టకపోతే ఎవరికీ ఏమీ చెప్పనక్కరలేదు, అదే నాకు అన్నిటికంటే సుఖం, అందుకే దాని మీద అనుమానం. రాస్తే తేలుతుందనుకున్నాను. తేలలేదు. ఏం చేయాలో నాకు తెలియడం లేదు.

ఈ పొద్దున ప్రార్థన గంట కొట్టకముందు స్టాఫ్‌రూం కిటికీలోంచి చూశాను. బాలమణి కూతురు మైదానం మధ్యలో ఒక్కతే, పుస్తకాలు నేల మీద పెట్టి, కళ్లు మూసుకొని నిలబడి ఉంది. నెమ్మదిగా ఒక దిక్కుకు తిరిగింది, ఆగింది, మళ్లీ కొంచెం తిరిగింది. జడ రిబ్బన్లు వెనక్కి లేస్తున్నాయి. గాలి ఎదురుగా తగిలే చోటు దొరికాక, కళ్లు తెరవకుండానే, చెయ్యి ఎత్తి అటు చూపించింది.